మా ఊరి వికీపీడియా పేజీని సరిదిద్దాలి, కొత్త పేజీ ఒకటి రాయాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: వరాహతీరం

అందరికీ నమస్కారం. నేను 31 సంవత్సరాలు తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మాది అనకాపల్లి జిల్లా ఎలమంచిలి మండలంలో, వరాహ నదికి దగ్గరలో ఉన్న చిన్న ఊరు. తెలుగు వికీపీడియాలో మా ఊరికి ఒక పేజీ ఉన్నదని ఈ మధ్యనే మా మనవడు చూపించాడు. చూడగానే సంతోషం కలిగింది కాని, చదివిన తరువాత మనసు చివుక్కుమంది. అందులో 2011 జనాభా లెక్కలు, బడికి ఎంత దూరం, ఆసుపత్రికి ఎంత దూరం, ఏ బావి కింద ఎన్ని హెక్టార్లు సాగవుతున్నది అన్న వివరాలు తప్ప ఊరి చెరువును గురించి, గుడిని గురించి, మా తాతల కాలం నుండి నడిచిన గ్రంథాలయాన్ని గురించి ఒక్క మాట కూడా లేదు. పైగా మొదటి వాక్యంలో అనకాపల్లి జిల్లా అని, కింద మరొక చోట విశాఖపట్నం జిల్లా అని ఉంది.

నాకు రెండు కోరికలు ఉన్నాయి. మొదటిది, ఈ పేజీని సరిదిద్దడం. రెండవది, మా మేనమామగారి పేరిట ఒక కొత్త పేజీ రాయడం. ఆయన నలభై ఏళ్లకు పైగా ఉత్తరాంధ్ర ఊళ్లన్నీ తిరిగి హరికథలు చెప్పారు. ఆయన కథ విన్నవాళ్లు మా ప్రాంతంలో ఇంకా ఎందరో ఉన్నారు.

పేజీ పైభాగంలో "సవరించు" అని ఒకటి, "మూలపాఠ్యాన్ని సవరించు" అని మరొకటి కనిపిస్తున్నాయి. రెండవది నొక్కితే చదరపు కుండలీకరణాలు, మీసాల కుండలీకరణాలు, సమానం గుర్తులు నిండిన పాఠం తెరుచుకుంది. ఏదైనా పాడు చేస్తానేమోనన్న భయంతో వెంటనే మూసేశాను. ఊరి పెద్దలు చెప్పిన సంగతులను ఆధారంగా చూపవచ్చునా అన్నది కూడా తెలియడం లేదు. ఓపికగా చెప్పగలవారు ఎవరైనా ఉంటే కృతజ్ఞురాలిని.

జవాబు: పాతకాపు

టీచరు గారికి నమస్కారం. ముందుగా మీ భయం సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. వికీలో ఎవరు ఏ మార్పు చేసినా అంతకు ముందున్న పాఠం చెరిగిపోదు. ప్రతి పేజీకి "చరిత్ర" అనే విభాగం ఉంటుంది. ఆ పేజీ పుట్టిన రోజు నుండి ఇప్పటి వరకు ఎవరు, ఏ తేదీన, ఏ మాట తీసి ఏ మాట చేర్చారో అక్కడ వరుసగా నిలిచి ఉంటుంది. ఏ రెండు కూర్పులనైనా పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు, పొరపాటు జరిగితే దానిని ఒక్క నొక్కుతో రద్దు చేయవచ్చు. కనుక మీరు పాడు చేయగలిగినది ఏదీ లేదు. వార్డ్ కనింగ్‌హామ్ 1995లో మొట్టమొదటి వికీని తయారు చేసినప్పుడు, త్వరగా అనే అర్థం ఉన్న హవాయి భాషా పదాన్ని దానికి పేరుగా పెట్టాడు. చదివేవారే అక్కడికక్కడ దిద్దగలగాలి అన్నది ఆ పేరులోని ఉద్దేశం.

మొదట ఖాతా తెరవండి. ఖాతా లేకుండా కూడా మార్పులు చేయవచ్చు కాని, ఖాతా ఉంటే మీకు ఒక వాడుకరి పేజీ, ఒక చర్చ పేజీ, ఒక ప్రయోగశాల ఏర్పడతాయి. అసలు పేరే పెట్టనక్కరలేదు, ఇక్కడ పెట్టుకున్న పేరు వంటిది చాలు. ప్రయోగశాల మీ సొంత రఫ్ నోట్‌బుక్ వంటిది. అక్కడ ఎన్ని తప్పులు చేసినా అడిగేవారుండరు. తెలుగులో టైపు చేయడానికి వికీలోనే ఏర్పాటు ఉంది. రాసే పెట్టెలో కర్సర్ ఉంచి కంట్రోల్, ఎం కీలను కలిపి నొక్కితే అది పనిచేయడం మొదలుపెడుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. మీకు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక అలవాటైతే అదీ వాడుకోవచ్చు.

రెండు రకాల సవరణల సంగతి ఇది. "సవరించు" నొక్కితే విజువల్ ఎడిటర్ తెరుచుకుంటుంది. అందులో పేజీ చదివేటప్పుడు ఎలా కనిపిస్తుందో దిద్దేటప్పుడు కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది. మీరు అక్కడే మొదలుపెట్టండి. మూలపాఠ్యంలో కనిపించే గుర్తులు కూడా బ్రహ్మవిద్య కాదు, సంధి సూత్రాలు నేర్పిన మీకు ఒక సాయంత్రం చాలు. ఒక మాటకు రెండు వైపులా రెండేసి చదరపు కుండలీకరణాలు పెడితే, అంటే [[వరాహ నది]] అని రాస్తే, అది ఆ పేరున్న పేజీకి లింకు అవుతుంది. ఆ పేజీ ఇంకా లేకపోతే లింకు ఎర్రగా కనిపిస్తుంది. రెండేసి సమానం గుర్తుల మధ్య రాసినది విభాగం శీర్షిక అవుతుంది. మూడేసి ఒంటికామాల మధ్య ఉన్నది బొద్దు అక్షరాల్లో వస్తుంది. మీసాల కుండలీకరణాల్లో ఉన్నవి మూసలు, అంటే ఎన్నో పేజీల్లో మళ్లీ మళ్లీ వాడుకునే తయారు అచ్చులు. పేజీ పక్కన పటంతో, జనాభాతో కనిపించే సమాచారపెట్టె కూడా ఒక మూసే.

జిల్లా పేరుతోనే మీ మొదటి సవరణ చేయండి. గ్రామాల పేజీల్లో జిల్లా పేరు సాధారణంగా మొదటి వాక్యంలోను, సమాచారపెట్టెలోను, పేజీ అడుగున ఉండే వర్గాలలోను కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుండి 26 అయినప్పుడు వేల పేజీల్లో ఈ మార్పు చేయవలసి వచ్చింది కనుక, ఎక్కడో ఒక చోట పాత పేరు మిగిలిపోవడం సహజం. దిద్దిన తరువాత "మార్పులను ప్రచురించు" నొక్కేముందు దిద్దుబాటు సారాంశం అనే చిన్న పెట్టె వస్తుంది. దానిని ఖాళీగా వదలకండి. "2022 పునర్వ్యవస్థీకరణ ప్రకారం జిల్లా పేరు సరిచేశాను" అని ఒక్క వాక్యం రాస్తే, ఆ పేజీని గమనిస్తున్నవారికి మీరు ఏం చేశారో, ఎందుకు చేశారో వెంటనే తెలుస్తుంది. కొత్తవారి మార్పుల మీద అపార్థాలు తగ్గించేది, నా అనుభవంలో, ఈ చిన్న వాక్యమే.

జవాబు: నకాశీ

పాతకాపు గారు చెప్పిన దానికి ఒక ముఖ్యమైన జాగ్రత్తను చేర్చాలి. మాది చేర్యాల. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు 10 నుండి 31 అయినప్పుడు మా మండలం వరంగల్ జిల్లా నుండి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. అప్పుడు నేను ఉత్సాహంతో మా చుట్టుపక్కల ఊళ్ల పేజీలు తెరిచి, వరంగల్ అని కనిపించిన ప్రతిచోటా సిద్దిపేట అని మార్చాను. అది తప్పని మరొక వాడుకరి నా చర్చ పేజీలో మర్యాదగా వివరించారు. 2011 జనగణన జరిగినది పాత జిల్లాల ప్రకారం. ఆ లెక్కలున్న జిల్లా జనగణన పుస్తకం పేరులో ఉన్నది వరంగల్. నేను మూలంలోని పుస్తకం పేరును కూడా మార్చడం వలన, లోకంలో లేని ఒక పుస్తకాన్ని ఆధారంగా చూపినట్లయింది. మీ ఊరి పేజీలో కింద కనిపించిన విశాఖపట్నం జిల్లా అన్న మాట ఏ సందర్భంలో ఉన్నదో ముందు చూడండి. మూలాల జాబితాలో ఉంటే ముట్టుకోవద్దు. వాక్యంలో ఉంటే పాత పేరు పూర్తిగా తీసివేయకుండా, 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేదని, తరువాత అనకాపల్లి జిల్లాలో చేరిందని రాయండి. ఊరి చరిత్రలో అది కూడా ఒక భాగమే కదా.

ఊరి పేరు అక్షరదోషంతో ఉంటే కొత్త పేరుతో మరొక పేజీ తెరిచి పాఠాన్ని అందులో అతికించకండి. అలా చేస్తే పాత పేజీ చరిత్ర, అందులో పనిచేసినవారి పేర్లు తెగిపోతాయి. దానికి "తరలించు" అనే సదుపాయం ఉంది. అది చరిత్రతో సహా పేజీని కొత్త పేరుకు చేర్చి, పాత పేరు వద్ద దారిమార్పును ఉంచుతుంది, అంటే పాత పేరుతో వచ్చినవారిని కొత్త పేజీకి పంపుతుంది. ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉన్నప్పుడు పేరు పక్కన కుండలీకరణాల్లో మండలం పేరు చేర్చడం అక్కడి ఆనవాయితీ.

ఇక పెద్దలు చెప్పిన మాటల విషయం. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది కాని చెప్పక తప్పదు. మనకు స్వయంగా తెలిసినది, పెద్దల నోట విన్నది వికీపీడియాలో మూలంగా చెల్లదు. మీ పెద్దలను ఎవరూ శంకించడం లేదు. రేపు మరొక జిల్లాలో, మరొక దేశంలో ఉన్న పాఠకుడు ఆ వాక్యం నిజమో కాదో తనంతట తాను సరిచూసుకోగలగాలి అన్నదే నియమం. అందుకే ఎక్కడో ఒకచోట ప్రచురితమైన ఆధారం కావాలి. గుడి గోడ మీద ఉన్న శాసనాన్ని మనమే చదివి అర్థం చెప్పినా చెల్లదు, అది మౌలిక పరిశోధన అవుతుంది. అదే శాసనాన్ని పురావస్తు శాఖ ప్రచురించిన సంపుటంలో చూపగలిగితే నిస్సందేహంగా రాయవచ్చు.

మీ ప్రాంతానికి ఆధారాలు తక్కువేమీ కావు. డబ్ల్యు. ఫ్రాన్సిస్ సంకలనం చేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు 1907లో, దానికంటే ముందు డి. ఎఫ్. కార్మైకేల్ రాసిన జిల్లా మాన్యువల్ 1869లో అచ్చయ్యాయి. చిన్న ఊరి పేరు వాటిలో ఉండకపోవచ్చు కాని నదిని గురించి, తాలూకాను గురించి, ఎస్టేటును గురించి సమాచారం దొరుకుతుంది. చిన్న గ్రామాలకు ఎక్కువగా ఉపయోగపడేవి దినపత్రికల జిల్లా అనుబంధాలు, గ్రంథాలయోద్యమం మీద వచ్చిన పుస్తకాలు, విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు, దేవాదాయ శాఖ ప్రచురణలు. మీ మండలంలోని ఏటికొప్పాకనే తీసుకోండి. అంకుడు కర్ర మీద లక్క పూసి చేసే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద అవే నిలిచాయి. ఈ రెండింటిని గురించి ప్రభుత్వ ప్రకటనలు, పత్రికా వార్తలు ఉన్నాయి కనుక ఎవరైనా ఆ వాక్యాలను ధైర్యంగా రాయగలరు. ముందు ఆధారాలు పోగుచేసి, వాటిలో ఉన్నది మన మాటల్లో రాయడమే పద్ధతి. తోచినది రాసి, తరువాత దానికి ఆధారం వెతుకుదామంటే సగం పేజీ నిలవదు.

వరాహతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న ఖాతా తెరిచి, ప్రయోగశాలలో రెండు గంటలు కూర్చున్నాను. మీరు హెచ్చరించినట్లే విశాఖపట్నం అన్న మాట జనగణన పుస్తకం పేరులో ఉంది. మీరు చెప్పకపోయి ఉంటే తప్పకుండా మార్చేదాన్ని. దానిని అలాగే ఉంచి, అడుగున మిగిలిపోయిన పాత వర్గాన్ని మాత్రం సరిచేసి, సారాంశం రాసి ప్రచురించాను. చరిత్రలో నా పేరు చూసుకున్నప్పుడు కలిగిన ఆనందం ఇక్కడ దాచుకోలేను.

మా మేనమామగారి విషయంలో మాత్రం సందిగ్ధం తీరలేదు. ఆయన మీద పుస్తకం లేదు. రెండు పత్రికా వార్తల కత్తిరింపులు, సన్మాన పత్రాలు, ఆహ్వాన పత్రికలు, 1970ల నాటి ఒక స్టూడియో ఫోటో, ఆయన చేతిరాతలో ఉన్న మూడు హరికథలు మా ఇంట్లో ఉన్నాయి. వీటితో పేజీ రాయవచ్చునా?

జవాబు: పాతకాపు

మొదటి సవరణకు అభినందనలు, టీచరు గారూ. మీ మేనమామగారి కృషి మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను. ఒక వ్యక్తికి పేజీ ఉండాలంటే, ఆ వ్యక్తితో సంబంధం లేనివారు, నమ్మదగిన ప్రచురణల్లో, ఆయన్ను గురించి కొంత వివరంగా రాసి ఉండాలి. దీనినే విషయ ప్రాముఖ్యత అంటారు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు మీద గ్రంథాలే వచ్చాయి కనుక ఆయన పేజీకి ఆ చిక్కు లేదు. ఊరూరా తిరిగి హరికథను బతికించిన వందలాది కళాకారుల గురించి ఎవరూ రాయలేదు. ఇది వికీ చేసిన అన్యాయం కాదు, అంతకు ముందే మన ప్రచురణ రంగంలో జరిగిపోయిన లోటు. ఆ లోటును వికీ పేజీతో పూరించలేము.

సన్మాన పత్రాలు, ఆహ్వానాలు స్వతంత్ర మూలాలు కావు. పత్రికా కత్తిరింపుల్లో ఆయన పేరు ఒక జాబితాలో ఉన్నదా, లేక ఆయన జీవితాన్ని గురించి రాసిన వ్యాసమా అన్నది చూడండి. తేదీ, పత్రిక పేరు, పేజీ తెలిస్తే అచ్చు ప్రతి కూడా మూలంగా పనికి వస్తుంది. ఆన్‌లైన్‌లో ఉండి తీరాలన్న నియమం లేదు. ఒక్కటే వ్యాసం ఉంటే కొత్త పేజీకి తొందరపడకుండా, ఊరి పేజీలో "ప్రముఖులు" అనే విభాగంలో రెండు వాక్యాలు, వాటికి మూలం ఇవ్వండి. మీరు ఆయన మేనకోడలు కనుక, ఆ సంగతిని పేజీకి అనుబంధంగా ఉన్న చర్చ పేజీలో ముందే తెలియజేసి, మీరు రాయదలచిన వాక్యాలను అక్కడ ఉంచి, మరొకరిని చేర్చమని అడగడం ఇంకా మంచిది. ఈలోగా ఆయన జీవితాన్ని ఏదైనా సాహిత్య, కళా పత్రికకు వ్యాసంగా రాయండి. ఆ పని మీకంటే బాగా చేయగలవారు లేరు. సంపాదకులు పరిశీలించి ప్రచురించిన తరువాత దానిని ఇతరులు మూలంగా వాడుకోవచ్చు.

గ్రంథాలయం విషయం ఇంతకంటే సులువు కావచ్చు. దాని స్థాపన గురించి అచ్చులో ఆధారం దొరికితే, మొదట ఊరి పేజీలోనే ఒక విభాగంగా రాయండి. అది పెరిగి పెద్దదైనప్పుడు విడి పేజీగా చేయవచ్చు. కొత్త పేజీ కావాలనుకున్నప్పుడు ముందు ఆ పేరుతో వెతకండి, వేరే వర్ణక్రమంతో కూడా వెతకండి. నిజంగా లేకపోతే వెతుకులాట ఫలితాల్లోనే ఆ పేరు ఎర్ర లింకుగా కనిపిస్తుంది, దానిని నొక్కి రాయడం మొదలుపెట్టవచ్చు. నా సలహా ఏమంటే, ప్రయోగశాలలోనే కనీసం నాలుగైదు వాక్యాల ప్రవేశిక, రెండు విభాగాలు, మూలాలు, ఒక వర్గం సిద్ధం చేసుకున్న తరువాతే ప్రధాన బరిలోకి, అంటే పాఠకులు చదివే అసలు వ్యాసాల చోటికి, తీసుకురండి. ఒకే ఒక్క వాక్యంతో, మూలం లేకుండా వదిలిన మొలకలను ఎవరో ఒకరు తొలగింపుకు ప్రతిపాదిస్తారు, కొత్తవారి ఉత్సాహం అక్కడే నీరుగారిపోతుంది.

భాష గురించి ఒక్క మాట. మీకు ఇది మొదట్లో కొంత బాధ కలిగించవచ్చు. అక్కడ శ్రీ, గారు, బిరుదులు వాడరు. వ్యక్తుల గురించి "అతను రాశాడు", "ఆమె పాడింది" అని ఏకవచనంలోనే రాస్తారు. "మా ఊరు", "మన భాష" అనరు. "సుప్రసిద్ధ", "మహిమాన్విత" వంటి విశేషణాలు ఉండవు. "ప్రస్తుతం" అనే బదులు "2024 నాటికి" అని సంవత్సరం వేస్తారు, ఎందుకంటే ఆ వాక్యాన్ని పదేళ్ల తరువాత చదివేవారికి మన ప్రస్తుతం ఏదో తెలియదు.

జవాబు: సియాటిల్ తెలుగు

ఫోటోల గురించి, చేతిరాత ప్రతుల గురించి నేను రాస్తాను. మేము ఇక్కడ వారాంతాల్లో కొందరం కలిసి పాత తెలుగు పుస్తకాలను వికీసోర్స్‌లో, అంటే వికీపీడియాకు సోదర ప్రాజెక్టు అయిన ఆన్‌లైన్ గ్రంథాలయంలో, దిద్దుతుంటాము కనుక ఈ ప్రశ్నలు తరచు ఎదురవుతాయి.

మీ ఊరి చెరువును, గుడిని, గ్రంథాలయ భవనాన్ని మీరే ఫోన్‌తో తీసిన ఫోటోలు నిరభ్యంతరంగా వికీమీడియా కామన్స్ అనే ఉమ్మడి బొమ్మల భండారంలో ఎక్కించవచ్చు. అక్కడ ఎక్కించిన బొమ్మను తెలుగు వికీపీడియాతో పాటు అన్ని భాషల వికీలలోను వాడుకోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. స్వేచ్ఛా లైసెన్సు ఇచ్చారంటే, మీ పేరు పేర్కొంటూ ఎవరైనా, వ్యాపారానికైనా సరే, దానిని వాడుకోవడానికి అనుమతి ఇచ్చినట్లే. స్టూడియో ఫోటో సంగతి వేరు. ఫోటో మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన దాని హక్కు మీదని చెప్పలేము. హక్కు ఎవరిదో తేలే వరకు దానిని ఎక్కించకండి. పత్రికలో వచ్చిన ఫోటోను స్కాన్ చేసి ఎక్కించడం కూడా కుదరదు.

చేతిరాతలో ఉన్న హరికథలు ఎక్కడా ప్రచురితం కాలేదు కనుక వికీసోర్స్‌లో నేరుగా చేర్చలేరు. వారసులందరూ ఒప్పుకొని వాటిని పుస్తకంగా అచ్చు వేయించి, పైన చెప్పిన స్వేచ్ఛా లైసెన్సు వంటి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేస్తే అప్పుడు చేర్చవచ్చు. భారతీయ చట్టం ప్రకారం రచయిత జీవించి ఉండగా ప్రచురితమైన రచనల మీద హక్కు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. ఉదాహరణకు 1964లో మరణించిన రచయిత పుస్తకాలు 2025 జనవరి 1 నుండి అందరివీ అయ్యాయి. మీ గ్రంథాలయంలో అలాంటి పాత పుస్తకాలు శిథిలమవుతూ ఉంటే, వాటిని స్కాన్ చేయించడం గురించి కూడా ఆలోచించండి.

మరొక హెచ్చరిక. గుడి వారి కరపత్రంలో గాని, ఏదో వెబ్‌సైటులో గాని ఉన్న పేరాను యథాతథంగా అతికించకండి. అది ఎంత మంచి సమాచారమైనా కాపీహక్కుల ఉల్లంఘన అవుతుంది. చదివి, పుస్తకం మూసి, మీ వాక్యాల్లో రాసి, మూలం ఇవ్వండి. ఆంగ్ల పేజీని యంత్రంతో అనువదించి ఉన్నదున్నట్లు ప్రచురించడం కూడా వద్దు. తెలుగు వికీలో ఒకప్పుడు అలా యంత్రంతో వచ్చిపడిన వ్యాసాలను శుద్ధి చేయడానికి ఎందరో ఏళ్ల తరబడి శ్రమపడ్డారు. కర్మణి వాక్యాలతో నిండిన ఆ తెలుగును చూస్తే మీరు ఎర్ర సిరా కలం తీసుకుంటారు. నిజం చెప్పాలంటే, మీ వంటి భాషోపాధ్యాయుల అవసరం అక్కడ చాలా ఉంది.

వరాహతీరం

మీరు చెప్పినదంతా నోట్సు రాసుకున్నాను. మేనమామగారి పేజీ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టి, ముందు ఆయన మీద వ్యాసం మొదలుపెడుతున్నాను. "ఆయన"ను "అతను" అని రాయడానికి నా చెయ్యి ఎలాగూ వెంటనే రాదు, కనుక పత్రికకు రాయడమే మేలు. గ్రంథాలయం గురించి 1980ల నాటి ఒక సంచికలో వ్యాసం ఉన్నదని పాత కార్యదర్శిగారు చెప్పారు, ఆదివారం వెళ్లి చూస్తాను. నా చర్చ పేజీలో ఎవరో స్వాగత సందేశం ఉంచారు. దానికి జవాబు ఎక్కడ రాయాలి?

జవాబు: నకాశీ

అక్కడే, ఆ సందేశం కింద రాయండి. "జవాబివ్వు" అన్న లింకు కనిపిస్తే దానిని నొక్కి రాస్తే మీ సంతకం తానే వస్తుంది. మూలపాఠ్యంలో రాసినప్పుడు మాత్రం చివర నాలుగు టిల్డేలు (~~~~) పెట్టండి, ప్రచురించగానే అవి మీ పేరుగా, తేదీగా మారతాయి. ఈ సంతకం చర్చ పేజీల్లోనే చేయాలి, వ్యాసాల్లో చేయకూడదు. ఆదివారం ఆ సంచిక దొరికితే శీర్షిక, రచయిత, సంచిక నెల, సంవత్సరం, పేజీ సంఖ్యలు అక్కడే రాసుకోండి. వీలైతే ముఖపత్రాన్ని ఫోన్‌తో ఫోటో తీసి మీ వద్ద ఉంచుకోండి. మూలం రాసేటప్పుడు అడిగేవి ఈ వివరాలే, ఒక్కటి మరిచినా మళ్లీ గ్రంథాలయానికి వెళ్లవలసి వస్తుంది.